సిలవరు గుండుకి బిరడా

ఎక్కడైనా కన్నం కనిపిస్తే దాలయ్య చేతులు ఊరుకోవు. పడవ పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద పామి, నీరు చొరకుండా చెయ్యడం అతని వృత్తి. ఉద్దానం ఒడ్డున చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అతనే దిక్కు. అంతవరకూ బాగానే ఉంది గానీ ఆ పని పడవతో ఆగేది కాదు. గోడలో ఎలక కన్నం, తలుపుకి మేకు ఊడిన చోటు, అరుగు మీద చీమల పుట్ట నోరు, ఏది కనిపించినా మొలలోంచి పీచు తీసి కూరేసేవాడు. పెళ్లివారింట పంక్తిలో కూచుంటే ముందు విస్తరి ఎత్తి వెలుతురుకి పట్టి చూసుకునేవాడు.

"మా మావకి కలలోన కూడా కన్నాలే అవుపడతాయి," అని అతని భార్య దేముడమ్మ నవ్వేది. "నా ముక్కు కన్నాలు మిగిలినాయంటే అదే పదివేలు."

ఎందుకిలా అని దాలయ్య తనలో తాను చాలాసార్లు తవ్వుకున్నాడు. ఎంత తవ్వినా అడుగున దొరికేది ఒకటే. ఆరేడేళ్ల వయసు. సముద్రం మీద తండ్రి పడవ. ఒక చోట పలకల్ని కలిపే తాడు కుట్టు తెగి నీళ్లు చిమ్ముతున్నాయి. "మడమెట్టి నొక్కిపట్టు, తియ్యకు," అన్నాడు తండ్రి. ఒడ్డు చేరేదాకా పిల్లవాడు మడమ తియ్యలేదు, నోరు కూడా విప్పలేదు. నోరు విప్పితే కాలి పట్టు సడలుతుందని ఎందుకో అనిపించింది. పడవ ఒడ్డుకి చేరింది, తండ్రి వీపు తట్టాడు, అందరూ అన్నాలకి పోయారు. అతని లోపల మాత్రం ఎక్కడో ఆ మడమ ఇంకా నొక్కిపట్టే ఉంది. నలభై దాటినా దాలయ్య గట్టిగా అరవగా విన్నవాడు ఊళ్లో లేడు.

ఇంట్లో ఆ మౌనానికి ఆచారం కూడా తోడైంది. దేముడమ్మ తల్లి సన్యాసమ్మ, కంచిలి వైపు కొబ్బరితోటల పల్లె నుంచి వచ్చి కూతురి దగ్గరే ఉంటోంది. ఆవిడ దాలయ్యకి మేనత్త అయితే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. బయటి సంబంధం. కాబట్టి అల్లుడి ఎదట పడకూడదు, అల్లుడితో మాట్లాడకూడదు. ఒక్క కప్పు కింద అది సాగే పనా? అందుకని ఆవిడ ఇంటి నడిమి గుంజతో మాట్లాడేది. "ఓ నిట్రాడా, కూడు సల్లారిపోతంది, తినీవోళ్లు రావాల," అనేది. దాలయ్య గోడకి జవాబు చెప్పేవాడు, అదీ ఒక్క ముక్కలో: "వత్తన్నాను."

1935 ప్రాంతం. జీడితోటలు పూత మీద ఉన్న రోజులు. ఒక పొద్దున దాలయ్య ఒడ్డున పడవని బోర్లించుకుని పని చేసుకుంటుంటే ఇసక మీద పెద్ద నీడ ఒకటి జారుకుంటూ పోయింది. తలెత్తి చూస్తే ఆకాశంలోంచి ఒక సంచీ దిగుతోంది. దాంట్లో పది ఇళ్లు పడతాయి. గాలి సగం పోయి ముడతలు పడి ఉంది. కింద తాళ్లకి ఒక అల్యూమినియం గుండు వేలాడుతోంది. ఆ గుండు మొగలి పొదల్ని గీరుకుంటూ వచ్చి, రెండు దొర్లు దొర్లి, ఇసకలో దిగబడి ఆగిపోయింది. సంచీ జీడిచెట్ల మీద ఉతికి ఆరేసిన దుప్పటిలా పరుచుకుంది.

ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది.

"సిలవరు గుండురోయ్!"

"ఇంత సిలవరే! ఊరందరికీ అంబలి గిన్నెలు సెయ్యొచ్చు."

గుండుకి ఒక పక్క దళసరి గాజు కిటికీ, ఇంకో పక్క మనిషి దూరేంత గుండ్రటి తలుపు. కిటికీ వెనక ఎర్రగా కందిన తెల్లటి మొహం.

"ఓలమ్మోలమ్మా, గుడ్డులోన దొరున్నాడు!" అంది సన్యాసమ్మ.

టెక్కలి బళ్లో పాఠాలు చెప్పే త్రినాథరావు సెలవులకి ఆ ఊళ్లో అక్కగారింటికి వచ్చి ఉన్నాడు. నోట్లో వేపపుల్ల తియ్యకుండానే పరుగెత్తుకొచ్చాడు.

"పేపర్లో చదివాను!" అన్నాడు పుల్ల ఉమ్మేసి. "ఆకాశంలో బాగా పైకి పోతే గాలి పలచబడిపోతుందట. ఊపిరాడదట. అందుకని ఈ కింది గాలినే గుండులో బిగించుకుని పైకి పోయాడీయన. మధ్య పరగణాల్లో ఎక్కడో ఎగిరి ఇలా కొట్టుకొచ్చినట్టున్నాడు. ఏమర్రా, అందరూ వినండి! ఆ సంచీలో ఉన్నది వేరే రకం గాలి. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. చుట్టలూ బీడీలూ ఆర్పెయ్యండి. ఎవరి దగ్గరైనా నిప్పు కనిపించిందంటే చంపేస్తాను!"

"నిప్పుంటే ఆ గాలే సంపేత్తాదన్నారు గదా, మళ్లీ మీకెందుకు బాబూ సెమ," అన్నాడు మునసబు పోలారావు. అంటూనే తన చుట్టని ఇసకలో గుచ్చాడు. మిగతా మగాళ్లూ ఆర్పేశారు.

సన్యాసమ్మ సంగతి ఎవరికీ తోచలేదు. ఆ తీరంలో ఆడవాళ్లు చుట్టని తిరగేసి, వెలుగుతున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. పైకి కనిపించేది ఆరిన కొస ఒక్కటే. నిప్పు కనిపించకూడదన్నారు, ఆవిడ నిప్పు ఎవరికీ కనిపించడంలేదు. అందుచేత ఆవిడ నిశ్చింతగా పోయి, గుండు నీడన, సరిగ్గా ఆ గుండ్రటి తలుపుకే వీపు ఆనించి చతికిలబడింది.

అంతలో లోపల దొర వంగి ఏదో తిప్పాడు. తలుపు పక్కన వేలు పట్టేంత గొట్టం ఒకటుంది. దాంట్లోంచి సుయ్యిమని గాలి చిమ్మింది.

"గాలి పోతందిరోయ్!"

"మోసుకెళ్లిన గాలే అది! అది కాత్తా అయిపోతే ఆ బాబు పేనమేటి కావాల?"

"సూత్తావేటి మావా!" అని దేముడమ్మ మొగుణ్ణి ముందుకి తోసింది.

తొయ్యనక్కర్లేదు. ఆ చప్పుడు చెవిన పడగానే దాలయ్య చేతులు ఎప్పుడో బయల్దేరాయి. ఆలోచన వెనక నించి వచ్చేసరికి పీచు ఉండ కట్టడం, గొట్టంలో కుక్కడం, పైన చెక్కమేకు పెట్టి సుత్తితో నాలుగు పోట్లు వెయ్యడం అయిపోయాయి. ఎండకి మెత్తబడిన గుగ్గిలం ముద్ద తీసి చుట్టూ పామాడు. చప్పుడు ఆగిపోయింది.

"దాలయ్యా, నువ్వు మడిసివి కావురా!" అన్నాడు పోలారావు. "దొర పేనం నిలబెట్టీసినావు!"

అందరూ వీపు మీద చరిచారు. దాలయ్య తల దించుకున్నాడు. గుండెల్లో వెచ్చగా ఏదో కదిలింది. అదేమిటో తెలుసు అతనికి: ఆ రోజు తండ్రి వీపు తట్టినప్పటి వెచ్చదనం. దానికోసమే బతుకంతా కన్నాలు వెతుక్కుంటున్నానా అని ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది. కానీ వెచ్చగా ఉన్నప్పుడు అలాంటివి తరచి చూడ్డం ఎవరికి ఇష్టం?

లోపల దొర రెండు పిడికిళ్లతోనూ కిటికీ గాజు బాదాడు. బయట జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు.

"మనసున్న దొర. ఎంత సంతోసపడిపోతన్నాడో సూడు."

దొర అరచెయ్యి కిందికి పెట్టి వేళ్లు గబగబా ఆడించాడు. ఊళ్లో ఎవరైనా అలా ఆడిస్తే ఇటు రా అని పిలిచినట్టు. జనం నాలుగడుగులు దగ్గరికి జరిగారు. దొర ఇంకా గట్టిగా ఆడించాడు. జనం గుండుకి అతుక్కుపోయారు.

"ఒక్కడూ ఉండి బెంగెట్టుకున్నాడమ్మా పాపం," అని దేముడమ్మ గాజు మీద చెయ్యి వేసి నిమిరింది.

దొర జుట్టు పీక్కున్నాడు. తరవాత రెండు వేళ్లతో ముక్కు మూసుకుని, నోరు బిగించి, బుగ్గలు పూరించాడు.

జనం త్రినాథరావు వైపు చూశారు. ఆయన గడ్డం గోక్కున్నాడు. "మరీ... ఒడ్డున ఎండుచేపలు ఆరేశారు కదా. ఆ వాసన పడటంలేదేమో."

"అద్దం లోనకెలాగెల్లింది బాబూ వాసన?" అని దేముడమ్మ కొంగు దోపింది. "ఆకాసం దాకా పోయొచ్చినోడికి మా సేపలే కంపు కొట్టినాయా! ఆ దొరనే అడగండి, ఆళ్లూర్లో సేపలు మల్లెపూల వాసనేత్తాయేటో!"

అందరూ గొల్లున నవ్వారు. దాలయ్య నవ్వలేదు. దొర మళ్లీ ముక్కు మూసుకుని, కళ్లు గట్టిగా మూసి, బుగ్గలు పూరించడం చూస్తుంటే దాలయ్యకి తన చెవులే నొప్పెట్టాయి. లంగరేసిన పడవకి అడుగున ఏ కుట్టు తెగిందో చూడాలంటే అతను మునుగుతాడు. లోతుకి పోయేకొద్దీ చెవుల్లో మేకు దిగుతున్నట్టుంటుంది. అప్పుడు ముక్కు మూసుకుని లోపలికి ఊదుకుంటే టప్‌మని చెవి తేలికవుతుంది. లోతులో ఉన్నవాడు తప్ప ఆ పని ఎవడూ చెయ్యడు. పొడి ఇసక మీద, ఎండలో కూచుని ఈయన ఏ లోతులో మునుగుతున్నాడు?

దాలయ్య వేలి కణుపుతో గుండుని తట్టాడు. ఇందాక గుండు ఆగగానే ఒకసారి తట్టి చూశాడు, అలవాటు కొద్దీ. అప్పుడు లేతబొండంలా పలికింది. ఇప్పుడు నిప్పుసెగకి కాచిన డప్పులా ఖంగుమంది. అరచెయ్యి ఆనించాడు. రేకు బిగిసిపోయి ఉంది.

గాలి పోవడం లేదు. లోపల పెరుగుతోంది. దొర ఊపిరికని తెచ్చుకున్న గాలి సీసా తాలూకు కుళాయి, దిగినప్పటి కుదుపుకి విరిగిపోయి గాలిని కక్కుతూనే ఉందని, ఆ ఒత్తిడికి తలుపు మరలు కూడా బిగుసుకుపోయాయని తరవాత తెలిసింది. ఆ క్షణాన దాలయ్యకి సీసా సంగతి తెలీదు. ఎక్కువైన గాలిని ఆ మనిషి బయటికి వదులుకుంటుంటే తను వచ్చి కన్నం మూశాడని మాత్రం తెలిసింది. అంత బాగా మూసినందుకు తనని తనే తిట్టుకున్నాడు.

దాలయ్య పోయి త్రినాథరావు చొక్కా పట్టుకు లాగాడు. "మేష్టరు బాబూ. లోన గాలి ఎక్కువైపోనాది. నానే మూసీసినాను. ఆ బాబు సెవులు పోతన్నాయి."

త్రినాథరావు ఒక్కసారి గుండు వంక, బిరడా వంక, తలుపు వంక చూశాడు.

"సోడాబుడ్డి!" అన్నాడు. "పలాస స్టేషన్లో ఎండకి సోడాబుడ్డి పేలితే గోళీ పోయి పైకప్పు పెంకు పగలగొట్టింది, నా కళ్లతో చూశాను. దాలయ్యా, అతను మనల్ని రమ్మనడంలేదు. పొమ్మంటున్నాడు! ఆ తలుపు ఊడొచ్చిందంటే..."

ఇద్దరూ తలుపు వంక చూశారు. తలుపుకి ఆనుకుని సన్యాసమ్మ హాయిగా కాళ్లు చాపుకుని కూచుంది.

"తప్పుకోండర్రా! దూరంగా పోండి!" అని త్రినాథరావు అరిచాడు. ఆయన పొద్దుటినించీ అరుస్తూనే ఉన్నాడు కనక ఎవరూ పట్టించుకోలేదు.

"మీరొక్కరే దగ్గర్నుంచి సూడాలేటి బాబూ?" అన్నాడు పోలారావు.

కిటికీలో దొర మొహం కిందికి జారింది. గాజు మీద పిడికిలి ఇంకా తడుతోంది గానీ బలం లేదు. ఆ చప్పుడు దాలయ్యకి ఒక్కడికే వినిపిస్తున్నట్టు ఉంది. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గొంతులో ఎక్కడో అడ్డంగా ఆ చిన్న కాలు, మడమ నొక్కిపట్టి, తియ్యనంటోంది. తీస్తే మునిగిపోతామంటోంది. "మనం ఒడ్డున ఉన్నాంరా నాయినా," అని దాలయ్య దానికి చెప్పాడు, లోపలే.

"తప్పుకోండ్రా!"

ఆ కేక విని కాకులు లేచిపోయాయి.

"ఎల్లండి! ఒక్కడు కూడా ఉండొద్దు! పడవ ఎనక్కి పోండి, పొండ్రా!"

జనం పరిగెత్తారు. గుండుకి భయపడి కాదు. దాలయ్య అరిచాడన్న భయానికి. దేముడమ్మ బోర్లించిన పడవ వెనక చేరి, "ఓలమ్మా, మా మావకి గొంతుందే!" అంది పక్కదానితో.

సన్యాసమ్మ మాత్రం కదల్లేదు. అల్లుడి కేక తనకి వర్తించదు. కొంగు మొహం మీదికి లాక్కుని, గుండు వైపు తిరిగింది.

"ఓ గుండా, నాకు మోకాళ్లు నొప్పులు. ఈ నీడ ఒగ్గి నాను రానని సెప్పు," అంది, చుట్ట పళ్లతో కరిచిపట్టే.

దాలయ్య కూడా గుండుకే చెప్పాడు. "ఓ గుండా, నీ తలుపు ఊడొచ్చీలాగుంది. నీకాడ కూకున్నోళ్లు బేగి లెగాల."

"ఓ గుండా, ఇన్నేళ్లూ పలకనోళ్లకి ఇయ్యాలే మాటలొచ్చినాయా? నా కూతురొచ్చి సెప్తే అప్పుడు సూత్తాను."

తలుపు అంచున రేకు కిర్రుమంది. ఆచారం గురించి ఆలోచించుకునే వ్యవధి లేదు. దాలయ్య వంగి, అత్తగారి వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేసి, ఎండుగడ్డి మోపు ఎత్తినట్టు ఎత్తేశాడు. సన్యాసమ్మ కెవ్వుమంది. అనడంతో నోరు తెరుచుకుంది. నోట్లోంచి చుట్ట ఊడి ఇసకలో పడింది, కణకణలాడుతూ.

"నిప్పు!" అని త్రినాథరావు గావుకేక పెట్టాడు. "నోట్లో నిప్పు! ఇంతసేపూ నోట్లో ఉంది నిప్పు!" దోసిళ్లతో ఇసక పోసి, అదీ చాలక దాని మీద కూచున్నాడు.

దాలయ్య అత్తగారిని పడవ వెనక దింపి వెనక్కి వచ్చాడు. ఈసారి తలుపుకి ఎదురుగా కాక, పక్కనించి. పాత పీచు లాగే ఇనప కొంకి చేతిలో ఉంది. ముందు గుగ్గిలం గీకాడు. మేకు రెండు వైపులా కదిపాడు. రాలేదు. తన చేతి బిగువు తనకే ఎదురు తిరిగింది. "రావే తల్లీ," అన్నాడు దాంతో, అత్తగారితో ఎన్నడూ అనని మాట. ఇంకోసారి కదిపాడు. మేకు వచ్చింది. కొంకి పీచులోకి దూర్చి మెలిపెట్టాడో లేదో, పీచు ఉండ ఎగిరి అతని చెవి పక్కనించి పోయి మొగలి పొదలో పడింది.

గాలి ఈలవేసుకుంటూ వచ్చింది. దాలయ్య మొహానికి తగిలింది. ఆకాశం అంచుదాకా వెళ్లొచ్చిన గాలి కదా, ఏదో వాసన ఉంటుందనుకున్నాడు. మనిషి చెమట వాసన తప్ప ఏమీ లేదు. అతనికి అది బాగా నచ్చింది.

గొట్టం ఈల సన్నబడుతోంది గానీ ఆగలేదు. దాలయ్య పక్కనే గొంతుక్కూచుని కాపలా కాశాడు. నోరు తెరుచుకున్న కన్నం ఎదురుగా ఉంది. అతని కుడిచెయ్యి మెల్లగా దాని వైపు బయల్దేరింది. వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ బయల్దేరింది. చివరికి చెయ్యి మీద కూచున్నాడు.

ఈల ఆగింది. కాసేపటికి లోపల మరలు తిరిగిన చప్పుడైంది. తలుపు నెమ్మదిగా, మంచి ఇంటి తలుపులా తెరుచుకుంది. ముందు రెండు బూట్లు వచ్చాయి. తరవాత దొర మొత్తం వచ్చి ఇసకలో వెల్లకిలా పడ్డాడు. కళ్లు తెరిచి, నీలంగా ఉన్న ఆకాశాన్ని చూసి, ఇంక అక్కర్లేదన్నట్టు పక్కకి ఒత్తిగిల్లాడు.

త్రినాథరావు చుట్ట మీదనించి లేచి వచ్చి, పంచె దులుపుకుని, ఇంగ్లీషులో క్షేమం అడిగాడు. దొర నోరు తెరిచి పెద్దగా, కొండ అవతలి మనిషిని పిలిచినట్టు అరిచాడు. త్రినాథరావు కూడా అరిచాడు. మూరెడు దూరంలో ఒకరి మొహం మీద ఒకరు అరుచుకుంటున్నారు. దొర చెవులు చూపించి తల అడ్డంగా ఆడించాడు.

"దెబ్బలాడుకుంతన్నారేటే?" అంది పడవ వెనకనించి ఎవరో.

"కాదు, సెవులు మూసుకుపోనాయి," అన్నాడు దాలయ్య, మామూలు గొంతుతోనే, కానీ అందరికీ వినపడేలా. "బొండం పట్రండి. లేతది."

దేముడమ్మ బొండం చెక్కించి తెచ్చింది. దాలయ్య దొర పక్కన మోకాళ్ల మీద కూచుని, తన గొంతు మీద వేలు పెట్టి గుటక వేసి చూపించాడు: ఇలాగ, పెద్ద పెద్ద గుటకలు, ఆపకుండా. నీళ్ల అడుగునించి పైకి తేలాక తను చేసే వైద్యమే. దొర అతని కళ్లలోకి చూశాడు. అర్థమైంది. బొండం ఎత్తి గడగడా తాగాడు. నాలుగో గుటకకో అయిదో గుటకకో ఆయన మొహం మారిపోయింది. బొండం దించి, తల ఒక పక్కకి వంచి, అలాగే ఉండిపోయాడు. సముద్రం వినిపిస్తోంది ఆయనకి. అంతసేపూ అది పక్కనే ఉందని తెలియనట్టు ఆశ్చర్యపోయి చూశాడు.

ఇంకో చెవి కూడా టప్‌మని తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే సన్యాసమ్మ పడవ చాటునించి బయటికొచ్చింది. గుంజ లేదు, గోడ లేదు. అల్లుడి ఎదురుగా, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. ఆకాశం నుంచి దిగొచ్చిన ఆ మనిషికి ఈ లోకంలో మొట్టమొదట తేటగా వినపడిన గొంతు ఆవిడదే.

"ఏటయ్యా దాలయ్యా! అంత గొంతెట్టుకుని ఇన్నాళ్లూ నన్ను నిట్రాడతో మాటాడించినావా?"